రంపానికి రెండో కొస

మానును పలకలుగా కోసే కోతరంపానికి రెండు కొసలా పిడులుంటాయి. దుంగను ఎత్తుగా నాటిన గుంజల మీదికి ఎక్కించి, ఒకరు పైన నిలబడి, మరొకరు కింద నిలబడి దాన్ని లాగుతారు. పైనున్న మనిషి గీత తప్పకుండా నడుపుతాడు. కిందున్న మనిషి బలమంతా పెట్టి లాగుతాడు. పొట్టంతా అతని నెత్తిన, కళ్లలో పడుతుంది. దుంగ మీద గీత కొట్టడానికీ ఇద్దరు కావాలి. కావిరంగులో తడిపిన దారాన్ని ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు బిగబట్టి, నడిమిన ఎత్తి వదిలితే గీత పడుతుంది. పాతకాలపు బరమా సంగతీ అంతే: ఒకరు పైనుంచి అదిమి పట్టాలి, మరొకరు దానికి చుట్టిన తాడును అటూ ఇటూ లాగాలి. నెల్లూరు తీరంలో వడ్రంగి జీవితాన్ని తలచుకోవాలంటే ఈ రెండో కొస నుంచి మొదలుపెట్టడం మంచిది. దాన్ని పట్టుకున్న చెయ్యి చాలాసార్లు ఇంటి మనిషిదే. తమ్ముడు, కొడుకు, అల్లుడు. ఎవరూ లేని రోజున భార్య. పోయిన వడ్రంగిని గురించి ఊళ్లో రెండు మాటలు చెప్పుకుంటారు: మంచి పనివాడు, ఇల్లు కనిపెట్టుకున్న మనిషి. ఆ రెండూ ఒకే రంపానికి రెండు కొసలు.

రామాయపట్నం మొదలుకొని మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు దాకా సాగే ఈ తీరం వెంట ఊళ్లకు ముఖ్యంగా మూడు రకాల బతుకులున్నాయి. పెన్న నీళ్లు, చెరువుల నీళ్లు అందే చోట వరి. ఊటుకూరు దగ్గర పెన్న, కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయ సముద్రంలో కలిసే చోట్ల, ఇసుక దిబ్బల వెంట ఉన్న పట్టపుపాళేల్లో చేపల వేట. ఇసుకపల్లి లాంటి ఊళ్ల దగ్గర ఉప్పు మళ్లు. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు కందుకూరు వైపు తీరం నెల్లూరులో చేరింది, సూళ్లూరుపేట వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊళ్లన్నిటి మీదా వీచే ఉప్పుగాలి మాత్రం ఒకటే. వరి రైతుకు నాగలి, కాడి, గొర్రు, బండి కావాలి. వేటకు వెళ్లేవాళ్లకు పడవ, తెడ్డు, చుక్కాని కావాలి. ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లకు ఉప్పు దగ్గరికి లాగే చెక్క కావాలి. ముగ్గురికీ ఇల్లు కావాలి, ఇంటికి తలుపు కావాలి. ఈ ముగ్గురి మధ్యా తిరిగిన మనిషి వడ్రంగి.

వడ్రంగం ఇక్కడ ఎక్కువగా విశ్వబ్రాహ్మణ కుటుంబాల వృత్తి. కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, స్వర్ణకారం చేసే ఐదు పాయల వాళ్లూ తమను విశ్వకర్మ సంతతిగా చెప్పుకుంటారు. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులలో మయుణ్ణి వడ్రంగులు మూలపురుషుడిగా తలుస్తారు. ఒంటి మీద జంధ్యం, ఇంట్లో కామాక్షమ్మ పూజ, బ్రహ్మంగారి మీద భక్తి ఈ కుటుంబాల్లో తరతరాలుగా ఉన్నవి. పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షితాయి గుడికి వెళ్లి రావడం ఎంత పనిలో ఉన్నా మానేది కాదు. అమావాస్య నాడు పనిముట్లు ముట్టరు. నెలకు ఒక్కటే సెలవు, అదే. ఇతరులు ఈ పని చేయరని కాదు. నెల్లూరులో సామాను చేసే ముస్లిం పనివాళ్లు ఉన్నారు. పడమటి మెట్టన ఉదయగిరిలో కొండచెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కే పని ముస్లిం కుటుంబాల చేతుల్లో, అందులోనూ ఆడవాళ్ల చేతుల్లో బతికి, భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకుంది.

ఊళ్లో వడ్రంగిని 'ఆచారీ' అనే పిలుస్తారు. ఆ పిలుపులో మర్యాద ఉంది, మనిషి అసలు పేరు మరుగున పడే ప్రమాదమూ ఉంది. రెండు తరాల కిందటి ఆచారి పేరేమిటని అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆయన ఎత్తిన ద్వారబంధం ఏదని అడిగితే చెయ్యి చాపి చూపించేవాళ్లు చాలామంది. అందువల్ల ఈ తీరపు వడ్రంగి జీవితాన్ని కాగితాల మీద కాక కొయ్య మీద చదువుకోవలసి వస్తుంది.

ఆచారి నేర్చే మొదటి చదువు చెట్టును చూడటం. మాను నడిమిన ముదురు రంగు తిరిగి గట్టిపడిన భాగాన్ని చేవ అంటారు. చుట్టూ ఉండే లేత భాగాన్ని పురుగు తింటుంది. మనిషిలో చేవ ఉందనో చచ్చిందనో ఎవరైనా అంటే ఆ మాటకు పూర్తి అర్థం తెలిసేది ఉలి పట్టినవాడికే. తాడిచెట్టు దీనికి తలకిందులు: బయటి వైపు ఇనుములా నల్లగా గట్టిపడుతుంది, లోపల మెత్తని బెండు. కాబట్టి ముదురు తాడిని నిలువునా చీల్చి, లోపలి భాగం తీసేసి, దూలాలకూ వాసాలకూ వాడతారు. నల్లతుమ్మ బండిచక్రానికి, నాగలికి. వేప ద్వారబంధాలకు, చేదుకు పురుగు దరి చేరదు. నేరేడు నీళ్లలో ఏళ్ల తరబడి ఉన్నా కుళ్లదు గనక బావి అడుగున వేసే చట్రానికి. టేకు కలవారి ఇళ్లకు. ఓడల మీద రంగూన్ నుంచి కలప దిగిన కాలం పోయినా బర్మా టేకు అనే మాట మిగిలింది. ఇసుక నేలల్లో ఎటు చూసినా కనిపించే సరుగుడు ఈ దేశపు చెట్టే కాదు, పంతొమ్మిదో శతాబ్దంలో ఈ తీరమంతా వంటచెరకు కోసం నాటినది. పందిళ్లకు, సారువకు పనికివస్తుంది, కానీ ఎండితే పగులుతుంది, మేకు దిగితే చీలుతుంది. తుమ్మ మొద్దులను నెలల తరబడి చెరువు బురదలో నానబెట్టి, తీసి, నీడన ఆరబెట్టేవాళ్లు. అలా చేస్తే లోపలి పసరు పోతుంది, పురుగు పట్టదు. ఇవాళ నానేసిన మొద్దు వచ్చే ఏడాది పనికి. వడ్రంగి ఇంట్లో డబ్బు దాచే అలవాటు కంటే కొయ్య దాచే అలవాటు ముందు పుట్టింది.

పిల్లవాడి చదువు మాటలతో సాగేది కాదు. వంగిన మేకులు సాపు చేయడం, ఉలి సానరాయి మీద నూరడం, పొట్టు ఎత్తడం, తండ్రి చిత్రిక పడుతుంటే పలక కదలకుండా కూర్చోవడం. అదీ తొలి ఏళ్ల పని. తరువాత రంపం కింది కొస. అక్కడ నిలబడినవాడికి గీత కనపడదు, పైనున్న తండ్రి ఊపును బట్టి లాగాలి. తోస్తే రంపం వంగుతుంది, ఆగితే బిగుసుకుంటుంది. ఎదుటివాడి చేతిలో బలం ఎప్పుడు తగ్గుతోందో తెలుసుకుని తన బలం కలపడం ఏ బడీ నేర్పని విద్య. కింది కొసన కొన్నేళ్లు పొట్టు మింగినవాడికే పై కొస దక్కేది. తోపడ పట్టి సన్నని చుట్టలు తెగకుండా తీయడం, బాడిశతో గీత మీదికి చెక్కి గీతను మిగల్చడం ఆ తరువాతి సంగతులు. చెయ్యి తప్పితే తండ్రి కోప్పడే మాట నిజమే. కానీ పిల్లవాడు పాడుచేసిన పలకను పారేయకుండా, దాన్ని పీటగానో గూటి మూతగానో మలచి అతని చేతనే పూర్తి చేయించే తండ్రులు ఉండేవాళ్లు. కొయ్య దండగ కాకూడదు, పిల్లవాడి మనసు విరగకూడదు. రెండిటికీ సరిపడే కొలత కనిపెట్టడమూ పనితనమే.

లెక్కల్లో ఆచారి ఎవరికీ తీసిపోడు. బెత్తెడు, జాన, మూర, బార ఒంటి మీద ఉన్న కొలతలు. అడుగులు, అంగుళాలు బద్ద మీద ఉన్నవి. పిల్లల తరం వచ్చేసరికి మిల్లీమీటర్లు. ఇల్లు కట్టేవాళ్లు ఆయం చూడమంటే, వైశాల్యాన్ని పద్ధతి ప్రకారం గుణించి ఎనిమిదితో భాగించి శేషం చెప్పాలి. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడైతే సింహాయం, ఐదైతే వృషభాయం, ఏడైతే గజాయం. ఇవి మంచివి, సరిసంఖ్యలు పనికిరావు. బడికి వెళ్లని మనిషి ఈ భాగాహారాలన్నీ పలక మీద గీసుకోకుండా మనసులో చేసేవాడు. శాస్త్రం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ లెక్క చేయడం వల్ల కొలతలు మరోసారి సరిచూసుకున్నట్టయ్యేది.

ఈ పనికి కూలి చాలాకాలం రూపాయల్లో రాలేదు. ఏడాది పొడుగునా రైతు నాగలి చెక్కినా, కాడి సరిచేసినా, గొర్రు పళ్లు బిగించినా చేతిలో చిల్లర పడేది కాదు. కోతలయ్యాక కళ్లంలో కుప్ప నూర్చినప్పుడు కమ్మరికి, చాకలికి, మంగలికి లాగే వడ్రంగికీ ధాన్యంలో వాటాగా మేర కొలిచేవాళ్లు. నెల్లూరులో వడ్లను నేటికీ పుట్టి లెక్కన కొంటారు, అమ్ముతారు. ఇక్కడి పుట్టి అంటే 850 కిలోలు. వడ్రంగికి దక్కేది పుట్ల మీద కాదు, కుంచాల మీద. చెరువు నిండిన ఏడాది మేర బాగుండేది, నిండని ఏడాది అందరితో పాటు ఆ ఇంట్లోనూ గంజే. పాత ఏర్పాటును ఇప్పుడు కొందరు ముచ్చటగా చెబుతారు. అందులో కట్టుబాటు కూడా ఉండేది: రేటు అడిగే వీలు లేదు, పిలిస్తే పోనంటే కుదరదు, పెద్దరైతు కొలిచినంతే కొలత. అంత చిన్న రాబడితో ఇల్లు నడిపిన లెక్క ఇల్లాలిది. ఏ ఇంటి నుంచి ఎంత మేర రావాలో, ఎవరు పోయిన ఏడాది బాకీ పడ్డారో ఆమె నోటిలెక్క. గరగరలాడే పలకను రుద్ది నునుపు చేసేది, నూనె పట్టించేది, మంచాలకు నులక అల్లేది ఆమె, ఆడపిల్లలు. పనిలో రాలిన పేళ్లు పొయ్యిలోకి, రంపపు పొట్టు పొట్టుపొయ్యిలోకి. డబ్బాలో నడిమిన ఒక సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా తీసేస్తే పడే కంతలో మంట పెడితే పూట వంట నెమ్మదిగా అవుతుంది. పగలు ఆచారి చేతిలో రాలిన పొట్టే రాత్రి పిల్లల అన్నం ఉడికించేది.

వడ్రంగి పనితనమంతా తలుపు దగ్గర బయటపడుతుంది. కొయ్య చచ్చిన వస్తువు కాదు. నిలువు పొడుగున అది దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ అడ్డంలోనూ వలయాల వెంట వచ్చే మార్పు, మాను నడిమి నుంచి బయటికి వచ్చే మార్పుకు సుమారు రెండింతలు ఉంటుంది. నెల్లూరులో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురిసే వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కార్తీకంలో తలుపు ఉబ్బి పట్టేస్తుంది, రోహిణి కార్తె ఎండలకు సందులు విచ్చుకుంటాయి. ఇది తెలిసిన ఆచారి తలుపు పలకను చట్రానికి బిగించడు. చుట్టూ గాడి తీసి పలకను అందులో వదులుగా నిలుపుతాడు, అది ఏ కాలానికి తగ్గట్టు ఆ కాలంలో కదులుతుంది. చట్రం మూలల్లో కుసిని బెజ్జంలోకి దించి, అడ్డంగా తొలిచి చెక్క మేకు కొడతాడు. ఇనుప మేకు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, తుమ్మ లాంటి చెక్కలో దాని చుట్టూ నల్లగా మరక కూడా కడుతుంది.

కార్తీకంలో తలుపు పట్టేసిందని ఇంటివాళ్లు కబురు పెడితే, చిత్రిక పట్టి కూలి తీసుకుపోవడం సులువు. మంచి ఆచారి ఆ పని చేయడు. సంక్రాంతి పోయాక చూద్దామని చెప్పి వెనక్కి వస్తాడు. వానలో తీసిన పొర వేసవిలో సందుగా మిగిలిపోతుంది, ఆ సందు ఇక పూడదు. ఆ పూట కూలి అవసరమైన ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ మాట అనగలగడం చిన్న విషయం కాదు. మాయదారి పని చేసిన ఊళ్లో మళ్లీ తలెత్తుకు తిరగలేమని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేకపోయింది.

ద్వారబంధం ఎత్తే రోజున ఆచారికి ఆ ఇంట్లో పెద్దపీట. గడపకు పసుపు కుంకుమ, మామిడాకులు, కింద నవధాన్యాలు, శక్తి కొద్దీ నాణెమో బంగారు తునకో. ముహూర్తానికి బంధం నిలబెట్టి మూలమట్టం చూసి సరే అన్నాక ఇంటివాళ్లు కొత్త బట్టలు, బియ్యం, తాంబూలం పెడతారు. ఆ బట్టలు ఆచారి ఒంటి మీద కనిపించేవి తక్కువ; కొడుకుకో అల్లుడికో పండగకు దాచినవి అవి.

బండిచక్రం మరో పరీక్ష. నడిమిన కుండ, దాంట్లో నాటిన ఆకులు, చుట్టూ పూటీలు. ఒక్కో పూటీలోకి రెండేసి ఆకులు దిగుతాయి గనక ఆరు పూటీలకు పన్నెండు ఆకులు. ఒక్క ఆకు పొడవు తేడా వచ్చినా చక్రం కుంటుతుంది. అన్నీ కూర్చాక కమ్మరి పని. చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో కాల్చి, అది వ్యాకోచించిన క్షణాన చక్రానికి తొడిగి నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము బిగుసుకుంటూ కొయ్యనంతా నడిమికి నొక్కుతుంది, కీళ్లు కిర్రుమంటూ ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి. అక్కడితో ఆ చక్రానికి జిగురూ మేకూ అక్కర్లేదు. వడ్రంగి, కమ్మరి ఒకే వీధిలో ఉండి, ఒకరింటి పెళ్లికి మరొకరు పెద్దలై నడిపించేవాళ్లు. పనిలో ఒకరి లోపం మరొకరి మీద పడే బంధం అది.

సముద్రం వైపు పని వేరు. తేలిక దుంగలను తాళ్లతో కలిపి కట్టే తెప్పను వేటగాళ్లే కట్టుకునేవాళ్లు. కోరమండల్ తీరమంతటా పేరుపడిన కుట్టుపడవల్లో పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవాళ్లు, మేకు ఉండదు. రేవు లేని తీరంలో అల మీద నుంచి నేరుగా ఇసుకలోకి దిగే పడవ ఆ దెబ్బకు కాస్త వంగాలి, బిర్రుగా ఉంటే పగులుతుంది. పలకల పడవలకూ వాటి మరమ్మతులకూ వడ్రంగి కావాలి. సందుల్లో పీచో దూదో కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవాళ్లు. తీరానికి సమాంతరంగా సాగే బకింగ్‌హాం కాలువ నడిచిన రోజుల్లో ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసుకు మోసుకెళ్లిన సరుకు పడవలు ఈ ఊళ్ల రేవుల్లోనే ఆగి బాగుపడేవి. మద్రాసు గవర్నరు పేరు పెట్టుకున్న ఆ కాలువ 1960ల తుపానులతో, పెరిగిన లారీలతో నెమ్మదిగా మూలపడింది. గట్టు మీద పడవల పని నేర్చిన కుటుంబాలు ఇళ్ల పనికి మళ్లాయి.

ఇంటి కోసం చేసిన వస్తువులకు కూలి లేదు, గడువూ లేదు. బిడ్డ కడుపులో ఉందని తెలిసిన నాటి నుంచి మిగులు ముక్కలు పక్కకు పెట్టి ఉయ్యాల తొట్టె. అడుగులు వేసే వయసుకు మూడు చక్రాల నడక బండి. ఆడుకోవడానికి బొంగరం. బడికి పోయేనాటికి పలకకు చట్రం. కూతురి పెళ్లికి పట్టెమంచం, బట్టల పెట్టె, పెళ్లిపీటలు. వీటి కోసం మంచి దుంగ దొరికిన ఏడాదే కొని, కోయించి, అటక మీద ఆరబెట్టేవాళ్లు; పెళ్లి కుదిరేనాటికి ఆ పలకకు పదేళ్ల వయసు. తన ఇంటికి తలుపు మాత్రం ఎప్పుడూ చివర. ఊరందరికీ సింహద్వారాలు నిలిపిన మనిషి ఇంటికి తడిక అడ్డం పెట్టుకుని ఏళ్లు గడపడం ఈ ఊళ్లలో అరుదు కాదు. అది నిర్లక్ష్యం అనుకోవడం పొరపాటు. ఇంట్లోకి తెచ్చిన ప్రతి మంచి పలకకూ అప్పటికే ఎవరో ఒక బిడ్డ పేరు ఉండేది.

తుపాను ఈ జీవితంలో మళ్లీ మళ్లీ వచ్చే అధ్యాయం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపానుల్లో కప్పులు ఎగిరిపోయాయి, తాళ్లు, కొబ్బరి, సరుగుడు తోటలు నేలకొరిగాయి. గాలి ఆగిన మర్నాటి నుంచి ఊళ్లో అందరికంటే ముందు కావలసిన మనిషి వడ్రంగి. తన కప్పు పోయినా ముందు పసిపిల్లలున్న ఇళ్లు, ముసలివాళ్లున్న ఇళ్లు. ఒరిగిన చెట్లన్నీ చౌకగా దొరికిన కలప అనుకోవడానికీ లేదు. గాలికి మెలితిరిగిన మానులో పైకి కనపడని అడ్డ చీలికలు ఉంటాయి. దూలం వేసిన కొన్నేళ్లకు అక్కడే విరుగుతుంది. సుత్తితో కొట్టి మోత విని, చిత్రిక పట్టి వెలుతురుకు అడ్డంగా చూసి, అనుమానం ఉన్నదాన్ని పొయ్యికి పంపేవాళ్లు.

2004 డిసెంబరు 26 సునామీ తరువాత తీరం వెంట సాయంగా వచ్చిన పడవల్లో ఎక్కువ భాగం ఫైబర్‌వి. అవి తేలిక, మోటారుకు అనువు, చెదలు పట్టవు. వేటకు వెళ్లేవాళ్లకు మేలే జరిగింది. చెక్కపడవ చేసే చేతులకు మాత్రం పని అంతకు ముందే తగ్గుతూ వచ్చి, ఆ తరువాత దాదాపు ఆగిపోయింది. పొలంలో ట్రాక్టరు వచ్చాక నాగలి, బండి, కాడి అలాగే పోయాయి. నాగలితో పాటు మేర పోయింది. 1990లలో వరి మళ్లు రొయ్యల గుంటలుగా మారిన చోట తూము చెక్కలు, కాపలా గుడిసెలు కొంతకాలం పని ఇచ్చాయి. కోతమిల్లు వచ్చి రంపం కింది కొసన నిలబడే అవసరాన్ని తీసేసింది. ఎవరికీ దాని మీద కోపం ఉండనక్కర్లేదు. ఆ పొట్టు మింగిన ఊపిరితిత్తులకు అది ఉపశమనమే. చెక్కపొడి మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చింది. కానీ తండ్రీ కొడుకులు రోజుకు కొన్ని గంటలు ఎదురెదురుగా నిలబడి ఒకే ఊపులో పనిచేసే చోటు కూడా దానితోనే పోయింది. ప్లైవుడ్, రెడీమేడ్ తలుపులు, అల్యూమినియం కిటికీలు వచ్చాక మిగిలింది ఎక్కువగా బిగింపు పని. కొడుకులు రేవులో, కంపెనీల్లో, చెన్నైలో, గల్ఫులో పనులు వెతుక్కున్నారు. చాలా ఇళ్లలో వాళ్లను చదివించి పంపింది ఆ తండ్రే. తన విద్య తనతో ఆగిపోతుందని తెలిసీ ఫీజు కట్టిన తండ్రుల దుఃఖాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, కేంద్ర ప్రభుత్వం 18 చేతివృత్తుల కోసం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. వడ్రంగి, పడవల తయారీదారు ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తొలి విడతగా లక్ష రూపాయల దాకా తక్కువ వడ్డీ రుణం అందులో భాగాలు. కొత్త యంత్రం కొనుక్కోవాలనుకునే యువకుడికి ఇది అక్కరకు వచ్చే సాయం. ఒక్క నిబంధన మాత్రం ఈ వృత్తి తీరుకు సరిపడలేదు: భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం, కుటుంబంలో ఒక్కరికే లబ్ధి. పలక రుద్దిన చెయ్యి, నులక అల్లిన చెయ్యి, రంపం కింది కొస పట్టిన చెయ్యి పనివాళ్ల లెక్కలోకి రాలేదు.

ముసలితనంలో ఆచారి ఒళ్లే ఆయన పనిని చెబుతుంది. నేల మీద కూర్చుని, పాదాలతో పలకను నొక్కిపట్టి చెక్కిన మనిషికి మోకాళ్లు ముందు పోతాయి. కాలి బొటనవేళ్లు పక్కకు తిరిగి ఉంటాయి. ఎడమచేతి వేళ్ల మీద ఉలి గాట్లు. అయినా అరుగు మీద కూర్చుని, మనవడు తెచ్చిన బొమ్మకు చక్రం బిగిస్తూనే ఉంటాడు. వీధిలో ఎవరింట్లోనైనా కొత్త తలుపు వచ్చిందంటే వెళ్లి, అరచెయ్యి అడ్డంగా రాసి చూసి వస్తాడు. బాగుంటే చేసినవాడి పేరు అడుగుతాడు.

ఆయన పోయాక ఇంట్లో మిగిలేది పనిముట్ల పెట్టె. ఉలులు, బాడిశ, తోపడ, మూలమట్టం, అరచేతి చెమటకు నల్లబడిన కొడతి. కొన్ని ఇళ్లలో పెట్టె మూత లోపలి వైపున, లేదా బీరువా తలుపు వెనక, పెన్సిల్‌తో రాసిన లెక్కలు ఉంటాయి: పొడవులు, వెడల్పులు, ఎవరో ఇవ్వవలసిన బాకీ, వాటి మధ్యనే పిల్లలు పుట్టిన తేదీ, నక్షత్రం, వేళ. విజయదశమి నాడు కొడుకు సెలవు పెట్టుకుని వచ్చి పెట్టె తెరుస్తాడు. తుప్పు పట్టకుండా ఇనుముకు నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి మళ్లీ సర్దుతాడు. కోతరంపం పెట్టెలో పట్టదు. అది వెనక వసారాలో చూరు కింద, రెండు కొక్కేలకు వేలాడుతూ ఉంటుంది. పూజకు దాన్ని దించాలంటే ఇప్పటికీ ఇద్దరు కావాలి. ఒక కొస కొడుకు పట్టుకుంటాడు, రెండో కొస తల్లి.